ఒక లైను, పదిమంది: సిద్దిపేట ప్రాంతంలో కనెక్షన్ పంచుకున్న చరిత్ర

ఒక ఫోన్‌లోని ఇంటర్నెట్‌ను పక్కనున్న ల్యాప్‌టాప్‌కో, మరో ఫోన్‌కో అందించే హాట్‌స్పాట్ సదుపాయం 2010 తరువాతే సామాన్యుల చేతికి వచ్చింది. ఒకరి పేరున ఉన్న కనెక్షన్‌ను పదిమంది వాడుకునే అలవాటు మాత్రం తెలుగు పల్లెల్లో, చిన్న పట్టణాల్లో అంతకు చాలా ముందే స్థిరపడింది. సిద్దిపేట ప్రాంతం ఇందుకు మంచి ఉదాహరణ. హైదరాబాదుకు సుమారు వంద కిలోమీటర్ల దూరంలో, కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి మీద ఉన్న ఈ పట్టణం చాలాకాలం మెదక్ జిల్లాలో ఉండేది. 2016 అక్టోబరు 11న మెదక్, కరీంనగర్, వరంగల్ జిల్లాల ప్రాంతాలను కలిపి సిద్దిపేట జిల్లాను ఏర్పాటు చేశారు. వ్యవసాయం, చేనేత, బీడీల పని, గల్ఫ్ వలస ఇక్కడి కుటుంబాలకు ఆధారం. దూరాన ఉన్న మనిషితో మాట్లాడాల్సిన అవసరం ఈ ఇళ్లలో ఎప్పుడూ ఎక్కువే. కనెక్షన్ కొనుక్కునే స్తోమత మాత్రం చాలాకాలం తక్కువగానే ఉంది. అందువల్ల ఇక్కడ ఫోన్ గానీ, ఇంటర్నెట్ గానీ ఎంతమందికి చేరిందో తెలియాలంటే కనెక్షన్ల లెక్క చాలదు. ఒక్కో కనెక్షన్ మీద ఎంతమంది ఆధారపడ్డారో కూడా చూడాలి.

పీపీ నంబరు కాలం

భారతదేశంలో ఆపరేటర్ సాయం లేకుండా మరో ఊరికి నేరుగా ఫోన్ చేసే ఎస్టీడీ సౌకర్యం 1960లో కాన్పూర్, లక్నోల మధ్య మొదలైంది. చిన్న పట్టణాలకు అది చేరడానికి దశాబ్దాలు పట్టింది. అప్పటిదాకా ఊరు దాటి మాట్లాడాలంటే ఎక్స్చేంజీలో ట్రంక్ కాల్ బుక్ చేసుకుని, లైను దొరికేదాకా కూర్చోవాల్సిందే. ఇంటికి ఫోన్ కావాలని దరఖాస్తు పెట్టినవారు ఏళ్ల తరబడి వెయిటింగ్ లిస్టులో ఉండేవారు. 1991 నాటికి దేశం మొత్తం మీద ఉన్న ఫోన్ లైన్లు సుమారు 50 లక్షలు. అప్పటి జనాభా 84 కోట్ల పైమాటే కాబట్టి, నూటికి ఒక్కరికైనా ఫోన్ లేదన్నమాట. ఉన్నవాటిలోనూ ఎక్కువ భాగం నగరాల్లోనే ఉండేవి.

ఈ కొరతలోంచే పీపీ నంబరు పుట్టింది. ఇంట్లో ఫోన్ లేనివారు పక్కింటివారిదో, వీధి చివరి కిరాణా కొట్టుదో, తెలిసిన డాక్టరుదో నంబరు రాసుకుని, దాని పక్కన 'పీపీ' అని చేర్చేవారు. ఉద్యోగ దరఖాస్తుల్లో, శుభలేఖల మీద, విజిటింగ్ కార్డుల మీద ఈ రెండక్షరాలు మామూలుగా కనిపించేవి. ఫోన్ చేసినవారు ఎవరితో మాట్లాడాలో చెప్పి పెట్టేసి, పది నిమిషాల తరువాత మళ్లీ చేసేవారు. ఈలోగా ఫోన్ ఉన్న ఇంటి పిల్లవాడు పరుగెత్తుకెళ్లి ఆ మనిషిని పిలుచుకొచ్చేవాడు.

వచ్చే కాల్‌కు బిల్లు పడదు కాబట్టి ఫోన్ యజమానికి డబ్బు నష్టం ఉండేది కాదు. అతడు ఇచ్చింది తన ఇంటి వాకిలి, తన సమయం. పెళ్లి సంబంధం కుదిరిన కబురు, ఆసుపత్రిలో చేర్చిన కబురు, చావు కబురు అన్నీ ఇంకొకరి ఇంటి హాల్లోనే చేరేవి. పిలిచినవారి మాటలు ఆ ఇంటివారికీ వినపడేవి. కనెక్షన్ పంచుకోవడంలో గోప్యత కొంత వదులుకోక తప్పదన్న సంగతి అప్పుడే అందరికీ అనుభవంలోకి వచ్చింది.

ఎస్టీడీ బూత్

1984 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం సీ-డాట్ సంస్థను స్థాపించింది. టెలికాం నిపుణుడు శామ్ పిట్రోడా ప్రోద్బలంతో మొదలైన ఈ సంస్థ, ఏసీ గది అక్కర్లేకుండా పల్లె ఎండకూ దుమ్ముకూ తట్టుకునే 128 లైన్ల చిన్న ఎక్స్చేంజీని తయారు చేసింది. దాన్ని 1986లో కర్ణాటకలోని కిత్తూరులో మొదటిసారి నెలకొల్పారు. ఇలాంటి ఎక్స్చేంజీలు దేశమంతటా విస్తరించాక తాలూకా కేంద్రాలకు, పెద్ద గ్రామాలకు ఎస్టీడీ అందింది. సిద్దిపేటకు 08457 కోడ్ వచ్చింది. బయటి ఊళ్లలో ఉన్నవారు ఇంటి నంబరుతో పాటు ఈ అయిదంకెలనూ కంఠతా పట్టుకున్నారు.

అదే కాలంలో పబ్లిక్ కాల్ ఆఫీసులను కమిషన్ మీద ప్రైవేటు వ్యక్తులకు ఇవ్వడం మొదలైంది. కేటాయింపులో వికలాంగులకు ప్రాధాన్యం ఉండేది. పసుపు రంగు బోర్డు, అద్దాల గది, లోపల ఎర్రని అంకెలతో తిరిగే మీటరు, బయట బిల్లు చీటీ కొట్టే చిన్న ప్రింటరు: బూత్ అంటే ఇంతే. చార్జీ దూరాన్ని బట్టీ, సమయాన్ని బట్టీ మారేది. రాత్రి పొద్దుపోయాక పావు రేటే కాబట్టి ఆ వేళకు బూతుల ముందు జనం పోగయ్యేవారు. దుబాయి, మస్కట్, సౌదీలకు కూలికి పోయినవారి కుటుంబాలకు ఈ బూతులే ఆధారం. ఫలానా వారం, ఫలానా గంటకు ఫోన్ చేస్తానని ఉత్తరంలో ముందే రాసేవారు. ఆ గంటకు భార్యాపిల్లలు, తల్లిదండ్రులు పల్లె నుంచి వచ్చి బూత్ దగ్గర కాచుకునేవారు.

పీపీ నంబరులో మొహమాటం ఉండేది. బూత్‌లో డబ్బిచ్చి మాట్లాడే హక్కు ఉండేది. పంచుకోవడం ఇక్కడ వ్యాపారమైంది, దానివల్ల ఎవరి దయాదాక్షిణ్యాలూ అక్కర్లేని స్వేచ్ఛ బీదవారికీ దక్కింది. తరువాత వచ్చిన కాయిన్ బాక్స్ ఫోన్లు ఈ సౌకర్యాన్ని పాన్ డబ్బాల దాకా తెచ్చాయి. రూపాయి బిళ్ల వేస్తే లోకల్ కాల్ మాట్లాడగలిగేవారు.

రెండు చానళ్లు, పదిహేను ఊళ్లు

1994 జాతీయ టెలికాం విధానం 1997 కల్లా అన్ని గ్రామాలకూ ఫోన్ చేర్చాలని లక్ష్యం పెట్టుకుంది. ఒక్కో ఊరికి స్తంభాలు పాతి తీగ లాగడం ఖర్చుతో కూడిన పని. అందుకని మల్టీ యాక్సెస్ రేడియో రిలే (పొట్టి పేరు 'మార్') అనే పద్ధతిని దేశమంతటా విరివిగా వాడారు. ఎక్స్చేంజీ ఉన్న చోట ఒక రేడియో స్టేషను, చుట్టూ ఉన్న గ్రామాల్లో ఒక్కొక్క యాంటెన్నా, బ్యాటరీ, ఫోన్ పెట్టేవారు. వీటిలో బాగా వాడుకలోకి వచ్చిన రకంలో రెండు రేడియో చానళ్లను పదిహేను ఫోన్లు పంచుకునేవి. అంటే ఒకే సమయంలో ఇద్దరు మాత్రమే మాట్లాడగలరు. మూడో ఊరివారు ఆగాలి. అందరూ ఒకేసారి మాట్లాడరన్న నమ్మకం మీద నడిచే ఏర్పాటు ఇది. ఈనాటి సెల్ టవరు, ఇంటి వైఫై, ఫోన్ హాట్‌స్పాట్ అన్నీ ఇదే సూత్రం మీద పనిచేస్తాయి.

గ్రామ పబ్లిక్ టెలిఫోన్‌ను సాధారణంగా సర్పంచ్ ఇంట్లోనో, పోస్టాఫీసులోనో, కిరాణా దుకాణంలోనో పెట్టేవారు. మార్ ఫోన్లు తరచూ మూగబోయేవి. బ్యాటరీలు దిగిపోవడం, యాంటెన్నాలు పక్కకు తిరగడం, విడిభాగాలు దొరకకపోవడం ఇందుకు కారణాలు. 2002లో ఏర్పడిన యూనివర్సల్ సర్వీస్ ఆబ్లిగేషన్ నిధి నుంచి డబ్బిచ్చి దేశవ్యాప్తంగా లక్షా 80 వేలకు పైగా మార్ ఫోన్లను తీసేసి కొత్త రకం ఫోన్లు పెట్టించారు.

నెట్ సెంటర్

విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న దేశంలో ప్రజలకు ఇంటర్నెట్‌ను తెరిచింది. మొదట నాలుగు మహానగరాలకే పరిమితమైన ఈ సేవ, 1998 నవంబరులో ప్రైవేటు సంస్థలకు అనుమతి ఇచ్చాక వేగంగా విస్తరించింది. ఫోన్ లైనుకు మోడెమ్ తగిలించి డయల్ చేయాలి. అత్యధిక వేగం సెకనుకు 56 కిలోబిట్లు. నెట్ నడిచినంతసేపూ ఫోన్ మోగదు, కాల్ చార్జీ మాత్రం తిరుగుతూనే ఉంటుంది.

ఇంత ఖరీదైన లైనును ఒక్క కంప్యూటరుకే ఇస్తే గిట్టదు. ఒక లైను మీద నాలుగైదు కంప్యూటర్లు నడపడానికి కావలసిన ఉపాయాన్ని ఇంజనీర్లు 1994లోనే ప్రకటించారు. లోపలి కంప్యూటర్లన్నిటికీ ప్రైవేటు అడ్రసులు ఇచ్చి, బయటి ప్రపంచానికి ఒకే అడ్రసు చూపే ఈ పద్ధతికి నాట్ అని పేరు. నెట్‌వర్క్ అడ్రస్ ట్రాన్స్‌లేషన్‌కు అది పొట్టి రూపం. 1999లో వచ్చిన విండోస్ 98 సెకండ్ ఎడిషన్‌లో మైక్రోసాఫ్ట్ దీన్ని ఒక మామూలు సదుపాయంగా చేర్చింది. ఒక మోడెమ్, ఒక పెద్ద కంప్యూటరు, దానికి కేబుళ్లతో కలిపిన మరికొన్ని పాత కంప్యూటర్లు ఉంటే చాలు, నెట్ సెంటర్ తెరవవచ్చు. హాట్‌స్పాట్ ఆన్ చేసిన ఫోన్ నేడు చేసే పని సరిగ్గా ఇదే.

చిన్న పట్టణాల్లోని నెట్ సెంటర్లకు కాలేజీ విద్యార్థులే ప్రధాన ఖాతాదారులు. గంటల లెక్కన చార్జీ. పదో తరగతి, ఇంటర్, ఎంసెట్ ఫలితాల రోజున హాల్‌టికెట్ నంబర్లు చేతపట్టుకున్న పిల్లలు దుకాణం నిండా ఉండేవారు. నెట్ వాడటం రానివారి తరఫున నిర్వాహకుడే ఫారాలు నింపి, ఈమెయిల్ ఐడీ తెరిచి, పాస్‌వర్డు కాగితం మీద రాసిచ్చేవాడు. కనెక్షన్‌తో పాటు నైపుణ్యాన్నీ పంచిన మనిషి అతడు. 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ డేటావన్ పేరుతో బ్రాడ్‌బ్యాండ్ మొదలుపెట్టాక ఈ సెంటర్ల వేగం పెరిగింది. అప్పటి విధానం ప్రకారం సెకనుకు కనీసం 256 కిలోబిట్లు ఉంటేనే బ్రాడ్‌బ్యాండ్.

పంచిన కనెక్షన్‌కు బాధ్యత ఎవరిదన్న ప్రశ్న కూడా నెట్ సెంటర్లతోనే చట్టంలోకి వచ్చింది. 2011 సైబర్ కేఫ్ నిబంధనలు గుర్తింపు కార్డు చూడకుండా ఎవరినీ కూర్చోబెట్టరాదని, వచ్చినవారి వివరాల రిజిస్టరును కనీసం ఏడాది పాటు దాచాలని ఆదేశించాయి.

ఫోనే మోడెమ్

2002 డిసెంబరులో రిలయన్స్ ఇన్ఫోకామ్ సీడీఎంఏ అనే నెట్‌వర్క్ పద్ధతి ఫోన్లతో మార్కెట్లోకి వచ్చింది. మరుసటి ఏడాది 501 రూపాయలు కట్టించుకుని హ్యాండ్‌సెట్ ఇవ్వడంతో సెల్‌ఫోన్ కూలివారి చేతికీ అందింది. 2003 మే నుంచి ఇన్‌కమింగ్ కాల్స్ ఉచితమయ్యాయి. ఈ రెండు మార్పులతో పీపీ నంబర్లు మాయమయ్యాయి, ఎస్టీడీ బూతులు ఒక్కొక్కటిగా జిరాక్స్ సెంటర్లుగా, రీచార్జ్ దుకాణాలుగా మారాయి.

ఫోన్ నుంచి ఇంటర్నెట్ పంచుకోవడం ఇక్కడే మొదలైంది. డేటా కేబుల్‌తో ఫోన్‌ను కంప్యూటరుకు కలిపి, సీడీఎంఏ అయితే #777, మరో పద్ధతి జీఎస్ఎం అయితే *99# డయల్ చేస్తే ఫోన్ మోడెమ్‌లా పనిచేసేది. ల్యాండ్‌లైన్ లేని పల్లెలోనూ నెట్ తెరుచుకుంది. వేగం తక్కువే, లైను తరచూ తెగిపోయేది. అయినా దస్తావేజు ఒకటి పంపడానికో, ఫలితం ఒకటి చూడటానికో సరిపోయేది. కొంతకాలానికి యూఎస్‌బీ రంధ్రంలో గుచ్చే డాంగిళ్లు వచ్చాయి. ఒక్క డాంగిల్‌ను స్నేహితులు ఒక గది నుంచి మరో గదికి మార్చుకుంటూ వాడుకోవడం హైదరాబాదు హాస్టళ్లలో చదివే జిల్లాల పిల్లలకు అలవాటే.

హాట్‌స్పాట్ రాక

కేబుల్ అక్కర్లేకుండా ఫోన్ తానే వైఫై వెదజల్లాలన్న ఆలోచనకు 2008లో రూపం వచ్చింది. నోకియా ఫోన్ల కోసం ఫిన్లాండులో తయారైన జోయికుస్పాట్ అనే అప్లికేషన్ ఆ పని చేసింది. భారతదేశంలో వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలకు లైసెన్సు అక్కర్లేదని ప్రభుత్వం 2005లోనే ప్రకటించి ఉండటం ఇక్కడ దాని వాడకానికి దోహదపడింది. 2010 మేలో ఆండ్రాయిడ్ 2.2 హాట్‌స్పాట్‌ను ఫోన్ సెట్టింగుల్లోనే పెట్టింది. 2011 మార్చిలో ఐఫోన్లకూ అది వచ్చింది.

హాట్‌స్పాట్ ఆన్ చేసిన ఫోన్ ఒక చిన్న రూటర్. ఒకవైపు టవరుతో మాట్లాడుతుంది. మరోవైపు తన చుట్టూ కొన్ని మీటర్ల మేర వైఫై ఇస్తుంది. దగ్గరికి వచ్చిన పరికరం పాస్‌వర్డు సరిగా చెబితే దానికొక ప్రైవేటు అడ్రసు ఇచ్చి లోనికి తీసుకుంటుంది. రెండు రేడియోలు ఒకేసారి పనిచేస్తాయి కాబట్టి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది, ఫోన్ వేడెక్కుతుంది. ఎక్కువమంది చేరినకొద్దీ ఒక్కొక్కరికి దక్కే వేగం తగ్గుతుంది. పంచిన డేటా అంతా ఫోన్ యజమాని ప్యాక్ నుంచే పోతుంది. అమెరికాలో కంపెనీలు దీనికి విడిగా డబ్బు వసూలు చేసేవి. హాట్‌స్పాట్ అప్లికేషన్లను అడ్డుకున్నందుకు వచ్చిన ఆరోపణలపై అక్కడి నియంత్రణ మండలి విచారణను ముగించుకోవడానికి వెరైజన్ సంస్థ 2012లో 12.5 లక్షల డాలర్లు చెల్లించింది.

మన దగ్గర అసలు అడ్డంకి డేటా ధర. 2014లో ఒక జీబీకి సగటున 269 రూపాయలు పడేది. అంత ఖరీదైనదాన్ని అడగడానికీ, ఇవ్వడానికీ సంకోచం ఉండేది. 2016 సెప్టెంబరు 5న జియో సేవలు మొదలయ్యాక ఆ ధర పడిపోయి, 2018 నాటికి 12 రూపాయల లోపుకు వచ్చింది. రోజుకు ఇంత అని డేటా ఇచ్చే ప్యాకులు రావడంతో కొత్త లెక్క పుట్టింది. అర్ధరాత్రి దాటితే మిగిలిన డేటా పోతుంది కాబట్టి, దాన్ని ఇంకొకరికి ఇవ్వడంలో నష్టం లేదు. ఇంట్లో తండ్రి ఫోన్ నుంచి కొడుకు ల్యాప్‌టాప్‌కు, దుకాణంలో పనివాడి ఫోన్ నుంచి యజమాని ప్రింటరుకు, బస్సులో పక్క సీటువారికి హాట్‌స్పాట్ ఇవ్వడం అప్పుడే మామూలు విషయమైంది.

జియో వచ్చిన 2016లోనే, నవంబరులో జరిగిన పెద్ద నోట్ల రద్దు తరువాత సిద్దిపేట దగ్గరి ఇబ్రహీంపూర్ నగదు రహిత గ్రామంగా పేరు పొందింది. చిల్లర కొనుగోళ్లకూ కార్డు గీకాల్సి వచ్చినప్పుడు, కనెక్షన్ లేకపోతే బేరమే సాగదన్న సంగతి పల్లెలకు తెలిసొచ్చింది.

2020 లాక్‌డౌన్‌లో ఈ అలవాటు చదువుకు ఆధారమైంది. తెలంగాణలో ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి ప్రభుత్వ పాఠశాలల పాఠాలను దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్లలో ప్రసారం చేశారు. ప్రైవేటు పాఠశాలలు, కాలేజీలు ఫోన్ తెరల మీద తరగతులు నడిపాయి. ఇద్దరు ముగ్గురు పిల్లలకు ఒకే ఫోన్ ఉన్న ఇళ్లు ఎన్నో. ప్యాక్ వేయించుకోలేని పిల్లలు పక్కింటి హాట్‌స్పాట్ మీద పాఠాలు విన్నారు. నలభై ఏళ్ల కిందట పక్కింటి ఫోన్ చేసిన ఉపకారాన్నే పక్కింటి డేటా మళ్లీ చేసింది.

గల్ఫ్ వలసదారుల గదుల్లోనూ ఇదే జరిగింది. ఆరేడుగురు కలిసి ఒక కనెక్షన్‌కు డబ్బు వేసుకోవడం అక్కడ సాధారణం. బూత్ దగ్గర నిలబడి నెలకు ఒకసారి గొంతు మాత్రమే విన్న కుటుంబాలు వీడియో కాల్స్‌లో రోజూ ముఖాలు చూసుకోగలుగుతున్నాయి.

నీళ్ల పైపుల వెంట ఫైబర్

ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథను ప్రధాని నరేంద్ర మోదీ 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గరి కోమటిబండలో ప్రారంభించారు. ఆ ఊరు ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది. పైపుల కోసం తవ్విన కందకాల్లోనే ఆప్టికల్ ఫైబర్ గొట్టాలు కూడా వేయాలని రాష్ట్రం నిర్ణయించింది. రాష్ట్రం చేపట్టిన టీ-ఫైబర్ ఇంటర్నెట్ ప్రాజెక్టుకు అదే పునాది. గ్రామ పంచాయతీలను ఫైబర్‌తో కలపడానికి కేంద్రం 2011లో ఆమోదించిన పథకమే తరువాత భారత్‌నెట్ అయింది. తెలంగాణలో దాని రెండో దశ టీ-ఫైబర్ ద్వారానే సాగింది. ఫైబర్ పంచాయతీ ఆఫీసు దాకా వచ్చినా, అక్కడి నుంచి ఇంటికి చేరడానికి మళ్లీ ఎవరో ఒకరు పంచిపెట్టాల్సిందే.

నీటి మీద హాట్‌స్పాట్

ఒక్కొక్కరూ విడిగా కనెక్షన్ కొనడం భారమైన చోట జనం పంచుకునే దారి వెతుకుతారనడానికి, సిద్దిపేటకు దూరంగా, సముద్ర నౌకలు మరో సాక్ష్యం. నడిసముద్రంలో టవర్లుండవు. నౌక నుంచి సంకేతం ఉపగ్రహానికి పోయి రావాలి. పాత ఉపగ్రహాలు భూమికి దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉండేవి కాబట్టి నెట్ నెమ్మది, ఖర్చు అధికం. భారత జలాల్లో నౌకలకు ఇంటర్నెట్ ఇచ్చేందుకు 2018 డిసెంబరులో నిబంధనలు వచ్చాయి. 2022 జూన్‌లో విహార నౌకలు నడిపే కార్డీలియా సంస్థ నౌక 'ఎంప్రెస్' విశాఖపట్నం నుంచి పుదుచ్చేరి, చెన్నైలకు ప్రయాణికులను తీసుకెళ్లడంతో తెలుగువారికి ఈ విహారం ఇంటి రేవు నుంచే అందింది. 2023 సెప్టెంబరులో విశాఖపట్నంలోనే అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది.

క్రూయిజ్ నౌకల్లో ఇంటర్నెట్‌ను సాధారణంగా పరికరాల లెక్కన అమ్ముతారు. ఒక్క పరికరానికి ప్యాక్ కొని, కుటుంబమంతా దాన్ని పంచుకోవాలని ప్రయాణికులు చూస్తారు. ఇక్కడొక సాంకేతిక చిక్కుంది. నౌకలో ఫోన్‌కు అందేది వైఫై. హాట్‌స్పాట్ ఇవ్వాలంటే వైఫైని అందుకుంటూనే మళ్లీ వైఫై వెదజల్లాలి. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లు మాత్రమే ఈ పని చేయగలవు. ఐఫోన్ తన సిమ్ డేటాను తప్ప వైఫైని పంచదు. కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు ఇచ్చే యూఎస్‌బీ టెథరింగ్ చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పనికొస్తుంది. ప్రయాణికులు సొంత రూటర్లు తేవడాన్ని కొన్ని నౌకా సంస్థలు నిషేధించాయి. 2022 నుంచి సుమారు 550 కిలోమీటర్ల ఎత్తున తిరిగే స్టార్‌లింక్ ఉపగ్రహాలను పెద్ద క్రూయిజ్ సంస్థలు వాడటం మొదలుపెట్టాక వేగం బాగా పెరిగింది.

మళ్లీ దుకాణానికి

పంచుకోవడాన్ని మళ్లీ వీధి దుకాణం చేతికి ఇచ్చేందుకు కేంద్ర మంత్రివర్గం 2020 డిసెంబరు 9న పీఎం-వాణి పథకాన్ని ఆమోదించింది. టీ కొట్టు, కిరాణా దుకాణం వంటివి లైసెన్సు లేకుండా, ఫీజు కట్టకుండా తమ బ్రాడ్‌బ్యాండ్‌ను వైఫైగా అమ్ముకోవచ్చు. ఇలాంటి దుకాణానికి పబ్లిక్ డేటా ఆఫీసు అని పేరు. దీన్ని 2017లో సిఫారసు చేసిన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పాత పబ్లిక్ కాల్ ఆఫీసులనే నమూనాగా తీసుకుంది. వాడుకునేవారి గుర్తింపును ఫోన్ నంబరు ద్వారా నమోదు చేసే ఏర్పాటు ఉండటం వల్ల బాధ్యత పూర్తిగా దుకాణదారు నెత్తిన పడదు.

ఇంటి హాట్‌స్పాట్‌కు ఆ రక్షణ లేదు. దాని మీద ఎవరు ఏం చేసినా బయటికి కనిపించేది సిమ్ ఎవరి పేరున ఉందో వారి అడ్రసే. అందుకే పాస్‌వర్డు పెట్టుకోవడం, తెలియనివారికి ఇచ్చాక దాన్ని మార్చడం, పని అయిపోగానే ఆపేయడం అవసరం. ఈ జాగ్రత్తలు పాటిస్తే పంచుకోవడంలో భయపడాల్సింది లేదు. పీపీ నంబరు ఇచ్చిన పొరుగువారు, బూత్ నడిపినవారు, ఫారాలు నింపిపెట్టిన నెట్ సెంటర్ నిర్వాహకులు లేకపోతే సిద్దిపేట వంటి పట్టణాలకు, వాటి చుట్టుపక్కల పల్లెలకు ప్రతి కొత్త సాధనమూ మరింత ఆలస్యంగా చేరేది. టెలికాం చరిత్రలో మంత్రుల పేర్లు, కంపెనీల పేర్లు, ఉపగ్రహాల పేర్లు నమోదవుతాయి. తమ కనెక్షన్‌ను ఇంకొకరికి ఇచ్చిన ఈ మనుషులకు కూడా అందులో సమానమైన చోటు దక్కాలి.